వాన లేని రోజునా తడిసిన గోడ: ఒక పెంకుటింటి పొగగొట్టం మరమ్మతు

పాత ఇళ్ల మరమ్మతులు చేయించడం నా వృత్తి. పని సరిగా చేయలేక రెండోసారి నిచ్చెన ఎక్కిన కప్పులు నాకు కొన్ని ఉన్నాయి. వాటిలో నా తప్పు ఎక్కడుందో ఇంటివాళ్లే లెక్క రాసి చూపించినది ఇదొక్కటే. అందుకే దీన్ని రాసి పెడుతున్నాను. ఊరు, కుటుంబం చెప్పడం లేదు. ఇంటిని పోల్చుకోగల గుర్తులు కొన్ని మార్చాను.

ఇల్లు

గోదావరి డెల్టాలో, సముద్రానికి పది పన్నెండు కిలోమీటర్ల దూరంలో ఉన్న ఊరు. ఇల్లు 1930ల నాటిది. గానుగ సున్నంతో కట్టిన ఇటుక గోడలు, టేకు వాసాలు, పైన మంగళూరు పెంకులు. 1996 నవంబరు తుపానులో సగం కప్పు లేచిపోతే మళ్లీ నేయించారు. ఆగ్నేయ మూలన వంటిల్లు, దాని కప్పు తూర్పుకు వాలి ఉంటుంది. ఆ వాలు నడుమ నుంచి ఇటుక పొగగొట్టం లేస్తుంది. రెండు పొయ్యిలకు రెండు దారులు కాబట్టి వెడల్పు 33 అంగుళాలు, మందం 20 అంగుళాలు. కప్పు మీద నాలుగడుగుల ఎత్తు. దాని గోడ నాలుగున్నర అంగుళాలే, అంటే అరఇటుక. ఈ సంగతి తర్వాత పనికొస్తుంది.

దశాబ్దాల పాటు ఆ పొయ్యిల్లో మండినవి కొబ్బరి మట్టలు, డొక్కలు, పిడకలు. గ్యాసు వచ్చాక పొయ్యిలు చల్లారాయి. అయినా సంక్రాంతికి అరిసెలు, ఇంట్లో ఏదైనా శుభకార్యానికి పెద్ద వంట ఇప్పటికీ కట్టెల మీదే. ఇంట్లో ఉండేది ఎనభై దాటిన మామ్మగారు, ఆవిడ కొడుకు, కోడలు.

నేను వెళ్లేనాటికి

వంటింట్లో పొగగొట్టం పక్క వాసాలు నల్లబడ్డాయి. పొయ్యి పైనున్న గోడ మీద టీ డికాక్షను ఒలికినట్టు పెద్ద గోధుమరంగు మరక. వానకు బొట్లు పడుతున్నాయి, గోడ చెమ్మగిల్లుతోంది, ఒకచోట సున్నం పొట్టులా రాలుతోంది.

అప్పటికే మూడు చికిత్సలు జరిగాయి. మొదట పెంకులకూ పొగగొట్టానికీ మధ్య సందులో సిమెంటు గట్టు పోయించారు. అది బీటలిచ్చాక దాని మీద తారులో ముంచిన గోనెగుడ్డ చుట్టించారు. చివరికి పొగగొట్టం మొత్తానికి సిమెంటు పూత పూసి, దాని మీద నీరు దిగనివ్వదని చెప్పి అమ్మిన తెల్లటి రసాయనం రెండు చేతులు వేయించారు. ఒక్కోటీ ఒక వానాకాలం పనిచేసినట్టు అనిపించిందట.

సిమెంటు గట్టు ఎందుకు నిలవదో చెప్పడం తేలిక. పొగగొట్టం తన పునాది మీద తాను నిలబడి ఉంటుంది, కదలదు. కప్పు కర్ర. ముసురుకు ఉబ్బుతుంది, రోహిణి కార్తెకు ముడుచుకుంటుంది, ఈదురుగాలికి ఊగుతుంది. ఈ రెండింటినీ వంగడం తెలియని సిమెంటుతో అతికితే ఏదో ఒక అంచున వెంట్రుకంత బీట రాక తప్పదు. ఆ బీట వెడల్పుగా ఉన్నా కొంత నయం, నీరు జారి పోతుంది. సన్నగా ఉంటేనే నీటిని లోపలికి లాక్కుంటుంది. తారు గోనె ఎండకు పెళుసెక్కి అదే దారి పట్టింది. ఇవన్నీ నాకు తెలుసు కాబట్టి, ఈ ఇంటి జబ్బు కూడా నాకు తెలుసుననుకున్నాను.

నా మొదటి మరమ్మతు, దాని ఓటమి

పొగగొట్టం వాలుకు అడ్డంగా నిలబడ్డ గోడ. కప్పు నెత్తినుండే వెన్నుగాడి నుంచి దాని వీపు, అంటే ఎగువ ముఖం, దాకా ఆరడుగుల వాలు, వెడల్పు 33 అంగుళాలు: సుమారు ఒకటిన్నర చదరపు మీటరు. గంటకు 50 మిల్లీమీటర్ల జడివాన పడితే 75 లీటర్ల నీరు, అంటే నాలుగైదు బిందెలు, ఆ గోడకు వచ్చి కొట్టుకుంటుంది. అక్కడే వేపాకు, కొబ్బరి పీచు చేరి ఆనకట్ట కడుతున్నాయి. నిలిచిన నీరు పెంకుల తలమీదుగా వెనక్కి ఎక్కి లోపలికి దూకుతోంది. నేను చేసిన నిర్ధారణ ఇది, ఇందులో తప్పు లేదు. పొగగొట్టం వీపున అల్యూమినియం రేకుతో బల్లపరుపు కాలువ పెట్టించాను. ఒక అంచు పై పెంకుల కిందికి, రెండో అంచు నిలువుగా మడిచి ఇటుకలో గాడి తీసి సిమెంటుతో పూడ్పించాను. పక్కలకు పాత సిమెంటు గట్టే కొత్తగా పోయించాను, ఖర్చు తగ్గుతుందని.

ఆ ఏడాది బొట్లు ఆగాయి. గోడ మరక మాత్రం తడుస్తూనే ఉంది. కొడుకుగారు ఫోను చేస్తే "పాత తడి ఆరుతోందండీ, ఒక వేసవి పోనివ్వండి" అన్నాను. ఈ మాట మా వృత్తిలో అందరూ వాడతారు. చాలాసార్లు నిజమే కూడా, అందుకే ప్రమాదకరం.

రెండో ఏడాది అక్టోబరులో బొట్లు తిరిగొచ్చాయి. వెళ్లి చూస్తే సిమెంటులో పూడ్చిన గీత పొడవునా అల్యూమినియం తెల్లటి పొడిగా మారి, చిల్లులు పడి ఉంది. పచ్చి సిమెంటులోని క్షారం అల్యూమినియాన్ని తింటుంది. అది ఆరాకైనా ఆగేదేమో గానీ సముద్రపు గాలిలోని ఉప్పు ఆ పనిని కొనసాగించింది. చదువుకున్న సంగతే. రేకు చేతికి సులువుగా దొరికింది కదా అని మరిచిపోయాను. పైగా కాలువ బల్లపరుపుగా ఉండటంతో ఆకుల ఆనకట్ట అలాగే ఉంది, దానికి నేను చక్కటి పళ్లెం అమర్చానంతే.

మామ్మగారి క్యాలెండరు

తలదించుకుని దిగుతుంటే మామ్మగారు గోడకున్న క్యాలెండరు తీయించి నా చేతిలో పెట్టారు. పాల లెక్క రాసుకునే గళ్లలోనే పెన్సిలుతో గుర్తులు పెట్టారు. వాన పడిన రోజు సున్న. బొట్టు పడితే చుక్క. గోడ తడిస్తే గీత. పద్నాలుగు నెలల లెక్క.

చుక్కలన్నీ సున్నల గళ్లలోనే ఉన్నాయి, పెద్ద వానల రోజుల్లో. అది నాకు తెలిసిన రోగం. గీతల దగ్గరే ఆగిపోయాను. కొన్ని గీతలు రెండు మూడు రోజుల ముసురు తర్వాత, వాన వెలిశాక మొదలై వారం పాటు సాగాయి. అవి దాదాపుగా అక్టోబరు, నవంబరు నెలల్లోనే, ఈశాన్యం నుంచి గాలి కొట్టే కాలంలోనే ఉన్నాయి. జూన్‌లో అంతకంటే పెద్ద వానలు పడ్డా ఇలాంటి గీతలు లేవు. ఇంకో తొమ్మిది గీతలున్నాయి, జులై ఆగస్టుల్లో. ఆ రోజుల్లో గానీ వాటి ముందు రోజుల్లో గానీ సున్నలే లేవు.

వాన లేకుండా గోడ ఎలా తడుస్తుంది? పొరపాటున గీశారేమో అన్నాను. ఆవిడ ఒప్పుకోలేదు. "ఆ రోజుల్లో తలుపులు బిగుసుకుపోతాయి నాయనా. జాడీలో ఉప్పు కూడా నీరుకారుతుంది" అన్నారు.

జవాబు ఆ జాడీలోనే ఉంది. ఏళ్ల తరబడి పొగ ఆ ఇటుకల్లోకి మసితో పాటు లవణాలను కూడా ఎక్కించింది. కొబ్బరి మట్టల్లో, పీచులో పొటాషియం, క్లోరైడు ఎక్కువ. ఆ లవణాలు గాలిలోని చెమ్మను నేరుగా పీల్చుకుంటాయి. కప్పు అద్దంలా బాగున్నా, ఉక్కపోత రోజున ఆ గోడ తడుస్తుంది.

అంటే ఒక మరక వెనక మూడు కారణాలున్నాయి: పెద్ద వానల బొట్లకు ఒకటి, ఈశాన్యపు ముసురు చెమ్మకు ఒకటి, వాన లేని రోజుల తడికి ఒకటి. నేను ఒకదానికి, అదీ సగం, మందు వేశాను.

పరీక్షలు

ఈసారి ఊహలతో పైకి ఎక్కదలచుకోలేదు. వాన లేని వారం చూసుకుని నీళ్ల పైపు పట్టాం. పద్ధతి ఒక్కటే: కింది నుంచి పైకి, ఒక్కోచోట ఇరవై నిమిషాలు, లోపల ఒక మనిషి టార్చితో. పైనుంచి మొదలుపెడితే నీరు అన్ని చోట్లకూ జారుతుంది, ఏ సందు దోషమో తేలదు. పొగగొట్టానికి దిగువ అంచున ఏమీ లేదు. ఉత్తరం పక్క గట్టు దగ్గర పదిహేనో నిమిషంలో సన్నటి ధార. వీపు మీద పోస్తే ఏడో నిమిషంలోనే బొట్లు.

మర్నాడు కప్పుకు ప్లాస్టిక్ పట్టా కప్పి, పొగగొట్టం ఉత్తర, తూర్పు ముఖాల మీద మాత్రమే తుంపరగా పోయించాను. గంటన్నర దాకా లోపల ఏమీ లేదు. మేస్త్రి పైపు ఆపేద్దామన్నాడు. సాయంత్రానికి గోడ మీద చెమ్మ దిగింది. అరఇటుక గోడ స్పాంజిలా తాగి, రేకులకూ గట్టుకూ అందకుండా తన లోపలి నుంచే నీటిని కిందికి దించుతోంది. ఈశాన్యపు ముసురు చేసే పని ఇదే.

మూడోది లవణాల పరీక్ష. మరక మీది సున్నం ఒక పొట్లం, అదే గదిలో దూరపు గోడ నుంచి ఇంకొకటి గీకాను. రెండింటినీ పెనం మీద సన్నటి సెగకు ఎండబెట్టి, కంసాలి త్రాసులో 20 గ్రాముల చొప్పున తూచాను. మూత బిగుతైన డబ్బా అడుగున, ఇంక కరగనంత ఉప్పు వేసిన నీళ్లు పోశాను. అలాంటి నీళ్ల పైన మూసిన గాలిలో తేమ సుమారు 75 శాతం దగ్గర నిలుస్తుంది. నీళ్లకు తగలకుండా రెండు పొట్లాలనూ పైన విప్పి పెట్టాను. రెండు రోజులకు దూరపు గోడ సున్నంలో తేడా త్రాసుకు అందలేదు. మరక సున్నం గ్రామున్నర బరువెక్కి, వేళ్లకు అంటుకుంటోంది. ప్రయోగశాల కక్కర్లేని పరీక్ష ఇది. పాత వంటిళ్లలో మరక చూసిన ప్రతిసారీ ఇప్పుడు ఇదే ముందు చేస్తున్నాను.

ఏం చేయాలి, ఏం చేయకూడదు

సలహాలకు కొదవ లేదు. పొగగొట్టాన్ని కప్పు కిందికి పడగొట్టి పెంకు మూసేయమన్నారు కొందరు. సాంకేతికంగా అది అన్నిటికంటే చవక, ఖాయం. ఇంటివాళ్లకు పొయ్యి కావాలి. ఏడాదికి పది రోజులే అయినా ఆ పది రోజులూ వాళ్లకు ముఖ్యం. పడగొట్టినా లవణాల మరక ఉండనే ఉంటుంది. పెంకులు తీసి రంగు రేకులు వేయమన్నవారూ ఉన్నారు. రేకు వేసినా పొగగొట్టం దగ్గర సందు సందే.

పొగగొట్టం లోపలి నుంచి నీరు దిగకుండా ఆపడానికి పుస్తకం చెప్పే సరైన మార్గం ఒకటుంది: కప్పు మట్టానికి కాస్త పైన ఇటుక వరస విప్పి, గోడ మందమంతా లోహపు పళ్లెం పెట్టి మళ్లీ కట్టడం. చాలా ఆలోచించి దాన్ని వద్దనుకున్నాను. పళ్లెం పెట్టిన చోట కింది ఇటుకకూ పై ఇటుకకూ పట్టు ఉండదు. తుపాను గాలి తగిలే చోట, అరఇటుక గోడల నాలుగడుగుల గొట్టం ఒక జారుడు పీట మీద నిలబడినట్టవుతుంది. చెమ్మ గోడను పాడుచేస్తుంది, కూలిన గొట్టం మనిషి మీద పడుతుంది. అందుకని చెమ్మను బాగా తగ్గించడమే లక్ష్యంగా పెట్టుకుని, పూర్తిగా ఆపుతానన్న మాట ఇవ్వలేదు. ఈ సంగతి ముందే కొడుకుగారికి చెప్పాను.

తర్వాత లోహం. సందుల దగ్గర చేత్తో ఒత్తి పెంకు వంపులకు కుదర్చడానికి సీసాన్ని మించింది లేదు. ఎక్స్‌రే గదుల గోడలకు వేసే రెండు మిల్లీమీటర్ల సీసపు రేకు మన దగ్గరా దొరుకుతుంది. తెప్పిద్దామని కొలతలు కూడా తీసుకున్నాను. చూరు కింద పెద్ద గంగాళం కనిపించింది. ఊళ్లో బోరు నీరు ఉప్పన, వాన నీళ్లతో అయితే పప్పు తొందరగా ఉడుకుతుందని పట్టుకుంటారట. సీసం మాట అక్కడితో ముగిసింది. గంగాళం చోటు మార్చమని చెప్పవచ్చు, నేను వెళ్లాక పదేళ్లకు అది గుర్తుండేదెవరికి? జింకు పూసిన ఇనుము ఉప్పు గాలికి ఆగదు. మిగిలింది రాగి. కాల్చి మెత్తబరిచిన 0.6 మిల్లీమీటర్ల రేకు తీసుకున్నాం.

రాగితో రెండు చిక్కులున్నాయి. ఇనప మేకు కొడితే తడిలో ఆ మేకు ముందు తినేసుకుపోతుంది కాబట్టి మేకులు కూడా రాగివే. రాగి మీదుగా జారిన నీరు జింకు పూతను తింటుంది. చూరుకున్న ఇనప రేకు కాలువ తీయించి ప్లాస్టిక్‌ది పెట్టించాల్సి వచ్చింది. గంగాళాన్ని పడమటి వాలు కిందికి మార్పించాను, రాగి నీళ్లు కూడా పప్పులోకి ఎందుకని.

చేసిన పని

ఫిబ్రవరిలో మొదలుపెట్టాం. సున్నం పనికి తొందర పనికిరాదు, ఎండ ముదరకముందే పూత గట్టిపడాలి.

ముందు తెల్ల రసాయనం, దాని కింది సిమెంటు పూత చెక్కించాను. పది రోజులుగా చినుకు లేదు, అయినా ఇటుకలు చేతికి తడిగా తగిలాయి. పైపూత బీటల గుండా తాగిన నీరు మళ్లీ ఆవిరై పోవడానికి దారి లేకుండా లోపలే ఉండిపోయిందన్నమాట. నీటిని ఆపడానికి వేసిన పూతే నీటిని దాచిపెట్టింది. నెల రోజులు అలా వదిలేశాక సున్నం, ఇసుక, ఇటుక పొడి కలిపి రెండు పొరలుగా పూయించాం. తడిగోనెలు కప్పి ఉంచే పని కోడలుగారు తీసుకున్నారు. మేస్త్రి కరక్కాయ నీళ్లు, బెల్లం కూడా కలపాలన్నాడు. వద్దనలేదు, ఆయన చేతికి అలవాటైన పాళ్లను చెడగొట్టడం నాకిష్టం లేదు.

వీపున బల్లపరుపు కాలువ పోయింది. దాని స్థానంలో రెండు వైపులకూ వాలే బుల్లి కప్పు కట్టించాను. పైనుంచి వచ్చిన నీటిని అది గోడకు తగలకముందే చీల్చి రెండు పక్కలకూ పంపుతుంది, ఆకులు నిలవవు. మా వడ్రంగి దానికి 'పిల్లకప్పు' అని పేరు పెట్టాడు. పొగగొట్టం వెడల్పు 30 అంగుళాలు దాటితే ఇది ఉండి తీరాలని అమెరికా ఇళ్ల నిర్మాణ నియమావళి చెబుతుంది. ఈ గొట్టం 33.

చుట్టూ రేకు రెండు వేర్వేరు వరసలు. కింది వరస కప్పుకు చెందినది: పెంకు మీది మొదటి ఉబ్బును దాటి, పొగగొట్టం వెంట ఆరంగుళాలు నిలువుగా లేచి ఊరుకుంటుంది, ఇటుకకు మేకు లేదు. పై వరస పొగగొట్టానికి చెందినది: ఇటుకల మధ్య దర్జును అంగుళం లోతు తవ్వి, అంచు దూర్చి, రాగి చీలలు బిగించి సున్నంతో పూడ్చాం. అది కిందికి వేలాడి, కింది వరస మీద మూడంగుళాలు కప్పుతుంది. రెండింటికీ ముడి లేదు. కప్పు ఊగితే ఊగనీ, ఒకటి రెండోదాని వెనక జారుతుంది. మా మేస్త్రికి ఇది మింగుడు పడలేదు. సందు కనిపిస్తుంటే వదిలేస్తారేమిటి, కాస్త సిమెంటు పట్టిద్దామన్నాడు. రెండుసార్లు తాపీ చేతిలోంచి తీసుకోవాల్సి వచ్చింది.

గొట్టం నెత్తిన కడప రాయి పలక. ఎనిమిదంగుళాల ఇటుక కాళ్ల మీద నిలబెట్టి, పొగ నాలుగు పక్కలా పోయేలా వదిలాం. పలక అన్ని వైపులా రెండున్నర అంగుళాలు బయటికి వస్తుంది. అడుగున అంచు పొడవునా వేలి మందం గాడి కోయించాం, అడుగు వెంట పాకి వచ్చిన నీరు ఆ గాడి దగ్గరే బొట్టుగా తెగి పడుతుంది. గాలికి లేవకుండా కాళ్లలోంచి పలకలోకి స్టీలు కమ్మీలు దించాం. కింద ఎవరో ఎప్పుడో ఇటుకలు పేర్చి మూసిన ఒక పొయ్యి నోరు తెరిపించి జాలీ పెట్టించాను. గాలి ఆడని గొట్టం ఆరదు.

లోపలి మరక దగ్గర, మరక అంచుకు అడుగు అవతలి దాకా పూతను ఇటుక కనిపించేలా చెక్కించి, ఆ చెత్తను ఊరవతల పారబోయించాను. దాన్నే కొత్త మాలులో కలిపే అలవాటు కొందరికి ఉంది, లవణాలు మళ్లీ ఇంట్లోకే వస్తాయి. పైన మామూలు సున్నపు పూత. ఇటుకలో మిగిలిన లవణాలు ఈ పూతలోకి పాకుతాయని, రెండు మూడేళ్లకు దీన్నీ చెక్కి పారేయాలని ముందే చెప్పాను. చెడిపోవడానికే వేసే పూతకు డబ్బులు అడగడం అంత తేలిక కాదు.

తర్వాత

ఆ ఏడాది జడివానలకు చుక్క పడలేదు. అక్టోబరు ముసురుకు గోడ మీద చెమ్మ వచ్చింది గానీ మునుపటి మనిషెత్తు మరక కాదు, కప్పు దగ్గర జానెడు. వారం ఉండేది రెండు రోజుల్లో ఆరింది. లోహపు పళ్లెం పెట్టి ఉంటే ఆ జానెడు కూడా ఉండేది కాదు. ఆ నిర్ణయం ఇప్పటికీ మార్చుకోను.

ఈ పని తర్వాత నా అలవాట్లు కొన్ని మారాయి. ఇల్లు చూడటానికి రమ్మంటే ముందు ఒక నెల గుర్తులు పెట్టి ఉంచమంటున్నాను: వాన ఎప్పుడు, గాలి ఎటు, తడి ఎప్పుడు మొదలై ఎప్పుడు ఆరింది. చాలామంది పెట్టరు. పెట్టినవాళ్ల ఇంట్లో సగం పని నిచ్చెన వేయకముందే అయిపోతుంది. "పాత తడి ఆరుతోంది" అనాలనిపిస్తే ఆ గోడ మీది సున్నాన్ని ఒకసారి తూచి గానీ అనడం లేదు. ఒకేసారి రెండు మరమ్మతులు చేయించడం కూడా వీలైనంత మానేశాను. ఈ ఇంట్లో చివరికి అన్నీ కలిపే చేశాం, ఏది ఎంత పనిచేసిందో తెలిసింది అంతకుముందు విడివిడిగా పరీక్షించడం వల్లనే.

మూడో వానాకాలం నడుమ మామ్మగారు ఫోను చేయించారు. జులై పేజీలో రెండు గీతలు పడ్డాయట. నేను నిచ్చెన సంగతి ఎత్తబోయాను. "రెండూ సున్న లేని గీతలేలే నాయనా, పైకి ఎక్కనక్కర్లేదు. పూత చెక్కే మేస్త్రిని పంపించు" అన్నారు.